సర్వీసు – సేవ – కైంకర్యము

పాలమూరు పల్లెలలోని గృహస్థు ఒకడు మ్రొక్కు చెల్లించుటకై కుటుంబముతో యాదగిరిగుట్టకు బయలుదేరినాడనుకొందము. తెల్లవారుజామున మొదటి సర్వీసు బస్సు నెక్కును. ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి ముప్పది యేండ్ల సర్వీసు ముగించి పింఛను పుచ్చుకొనుచున్నవాడు. దారిలో ఫలహారశాలయందు సర్వీసు బాగుగా లేదని ఎవరో విసుగుకొందురు. బావి మోటారునకు కరెంటు సర్వీసు ఇంకను రాలేదని మరియొకరు వాపోదురు. కొండ మీదికి చేరి స్వామి సన్నిధికి పోవు వేళ మాత్రము మాట మారును. అచ్చట వినవచ్చు ప్రశ్న “ఏ సేవ చేయించుకొందురు?” అని.

సర్వీసు అనిన సేవయే యని నిఘంటువులు చెప్పును. ఆ మాట నిజమే. కాని సమానార్థకములనిపించు పదములన్నియు ఒకే భావమును తెలుపవు. ఒకే నదికి పలు రేవులున్నట్లు ఒకే అర్థమునకు పలు పదములుండును. ఏ రేవున దిగినవానికి ఆ రేవులోతే తెలియును. సేవ, పరిచర్య, శుశ్రూష, ఊడిగము, కొలువు, చాకిరి, వెట్టి, కైంకర్యము అను మాటలన్నియు పైకి ఇంచుమించు ఒకే పనిని చెప్పునవియే. వీనిలోని తారతమ్యము తెలియనిచో వైష్ణవుని జీవితమునకు పరమప్రయోజనమైన కైంకర్యము కూడ వట్టి చాకిరిగా తోచును. లేదా చాకిరియే కైంకర్యమను పేర చెలామణి యగును. ఈ రెండును ప్రమాదములే.

మాట పుట్టిన చోటు

ఇంగ్లీషువారి సర్వీసు అను మాటకు మూలము లాటిను భాష. ఆ భాషలో ‘సెర్వుస్’ అనగా బానిస. బానిస యొక్క స్థితియే తరువాత సర్వీసు అయినది. రోమనుల కాలమున అమ్ముడుపోయిన మనుష్యుని దైన్యము ఆ మాట అడుగున దాగియున్నది. కాలక్రమమున ఆ దైన్యము మరుగుపడి, ప్రభుత్వోద్యోగము, సైన్యమునందలి కొలువు, యంత్రమునకు చేయు మరమ్మతు, ప్రజలకు కల్పించు సౌకర్యము అన్నియు సర్వీసు క్రిందికి వచ్చినవి. క్రైస్తవుల దేవాలయములలో జరుగు ప్రార్థనకును ఇంగ్లీషులో అదియే పేరు. బానిసతనమున పుట్టిన మాట భగవదారాధనము వరకు ప్రాకినదన్నమాట.

తెలుగునాట, అందును నిజాము ఏలుబడిలోనుండిన నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో, ఇదే భావమునకు పారసీక భాషనుండి వచ్చిన నౌకరి, చాకిరి అను మాటలు ఇంటింట పాతుకొన్నవి. నౌకరి యనిన గౌరవము, చాకిరి యనిన చిన్నచూపు. జీతము గల పని నౌకరి. గుర్తింపు లేని పని చాకిరి. ఇల్లాలు తెల్లవారినది మొదలు రాత్రి వరకు చేయు పనిని లోకము ‘ఇంటిచాకిరి’ యనునే గాని ‘ఇంటినౌకరి’ యనదు గదా!

అచ్చతెలుగున కొలువు, ఊడిగము అను మాటలున్నవి. ఊడిగము దగ్గర నిలిచి చేయు పరిచర్య. కొలుచుట అను క్రియకు రెండర్థములు. దేవుని కొలుచుట యొకటి, ధాన్యమును కుంచముతో కొలుచుట రెండవది. ఈ రెండర్థములు పలుమారు మనుష్యుని మనస్సులో కలిసిపోవును. ఇంత ఇచ్చితిని, ఇన్ని ప్రదక్షిణములు చేసితిని, దానికి ఇంత ఫలము రావలెనని దేవుని కొలుచువాడు కుంచముతోనే కొలుచుచున్నాడు.

అమరకోశములోని నాలుగు మాటలు

అమరసింహుడు తన కోశములోని ద్వితీయకాండమున, బ్రహ్మవర్గమునందు, సేవకు వరివస్య, శుశ్రూష, పరిచర్య, ఉపాసన అను నాలుగు పేర్లను ఒక్కచోట కూర్చినాడు. నాలుగును పర్యాయపదములే. అయినను ఒక్కొక్కదాని పుట్టుకలో ఒక్కొక్క పాఠమున్నది.

‘వరివస్’ అనగా చోటు, విశాలత. ఎదుటివారికి చోటిచ్చి సుఖముగా నుండునట్లు చేయుట వరివస్య. రద్దీగా నున్న క్యూలో వృద్ధురాలికి దారి యిచ్చినవాడు మాట తెలియకయే వరివస్య చేసినవాడగును.

‘శుశ్రూష’ అనగా వినవలెనను కోరిక. గురువు చెప్పునది వినగోరి ఆయన చెంత మెలగుట శుశ్రూష. తెలుగులో ఈ మాట రోగికి చేయు ఉపచారమునకే ఎక్కువగా నిలిచిపోయినది. ఇందును ఔచిత్యమున్నది. రోగి మూలుగు వినగలవాడే రోగికి సేవ చేయగలడు. యాదగిరి నృసింహుని భక్తులు వైద్య నరసింహుడని పిలుతురు. వ్యాధిగ్రస్తులు మండల దినములు కొండపై నుండి ప్రదక్షిణములు చేయు ఆచారము చిరకాలముగా నున్నది. రోగి ప్రదక్షిణము చేయునప్పుడు చేయి పట్టుకొని నడిపించు తల్లియో, అన్నయో, భార్యయో ఉండును. రోగి చేయునది ప్రదక్షిణము. తోడున్నవారు చేయునది ప్రదక్షిణమును, శుశ్రూషయును.

‘పరిచర్య’ అనగా చుట్టును తిరుగుట. ఎప్పుడు ఏది కావలయునో కనిపెట్టి, పిలువకముందే అందించుట. ఆలయములో అర్చకునికి తోడ్పడువానికి పరిచారకుడను పేరు అందుకే వచ్చినది.

‘ఉపాసన’ అనగా సమీపమున కూర్చుండుట. చేతితో చేయు పని ముగిసిన తరువాత కూడ మనస్సు స్వామి సన్నిధిని విడువకుండుట.

చోటిచ్చుట, వినుట, చుట్టును తిరుగుట, చెంత కూర్చుండుట – ఈ నాలుగును చేరిన గాని సేవ సంపూర్ణము కాదు. ఇక ‘సేవ’ అను పదమున కూడ ఆశ్రయించుట, అనుభవించుట అను అర్థములున్నవి. ఔషధసేవనము, వాయుసేవనము అనునప్పుడు సేవించినవాడే మేలు పొందుచున్నాడు. శ్రీవైష్ణవుల ఇండ్లలో “పెరుమాళ్ళను సేవించితిమి” అనిన దర్శనము చేసికొంటిమని యర్థము. “తీర్థము సేవించితిమి” అనిన స్వీకరించితిమని యర్థము. దివ్యప్రబంధమును అనుసంధించు సమయము సేవాకాలము. చూచుట, త్రాగుట, పాడుట అన్నియు సేవయే. సేవించుటయే అనుభవించుట యని భాషయే బోధించుచున్నది.

శ్వవృత్తియా? పరమపురుషార్థమా?

ఇచ్చట ఒక గట్టి ఆక్షేపణ కలదు. మనుస్మృతి చతుర్థాధ్యాయమున జీవనోపాయములను చెప్పుచు, సేవను శ్వవృత్తి, అనగా కుక్క బ్రతుకు, అని పేర్కొని విడువుమన్నది. ఆ అధ్యాయముననే పరవశమైనదెల్ల దుఃఖమనియు, స్వవశమైనదెల్ల సుఖమనియు చెప్పబడినది. సేవ కుక్క బ్రతుకైనచో నిత్యకైంకర్యమే మోక్షమనుట యెట్లు పొసగును?

ఈ ప్రశ్నను భగవద్రామానుజులు దాటవేయలేదు. తిరుమలలో శ్రీనివాసుని సన్నిధిని ఉపన్యసించినదిగా సంప్రదాయము చెప్పు వేదార్థసంగ్రహమున, గ్రంథాంతమునందు, దీనిని స్వయముగా లేవనెత్తి సమాధానము చెప్పినారు. ఆ సమాధానపు సారమిది.

ఏది సుఖము, ఏది దుఃఖము అనునది ఎవడు తన్ను తాను ఏమని తలచుచున్నాడో దానినిబట్టి యుండును. తాను సింహమనుకొను ప్రాణికి ఇష్టమైనది తాను మనుష్యుడనుకొను ప్రాణికి ఇష్టము కాదు. దేహమే తానని తలచువానికి స్వాతంత్ర్యమే సుఖము, పరాధీనతయే దుఃఖము. కాని ఆత్మ దేహము కాదు. ఆత్మ జ్ఞానస్వరూపము, పరమాత్మకు శేషభూతము. పరునికి అతిశయము కలిగించుటకే యున్నది శేషము. ఆ అతిశయమును పొందువాడు శేషి. తన నిజస్వరూపము నెరిగినవానికి శేషికి చేయు సేవ స్వభావసిద్ధమైన ఆనందమగును. కాబట్టి స్మృతి నిందించినది సేవింపదగనివారిని సేవించుటనే గాని, సర్వులకును సేవ్యుడైన పరమపురుషుని సేవించుటను కాదు.

చేపకు నీరు పరాధీనత కాదు, ప్రాణము. నీటి నుండి పొందు స్వాతంత్ర్యము దానికి మృత్యువు. జీవునికి భగవచ్ఛేషత్వమును అట్టిదే.

కింకరుని ప్రశ్న

ఈ సేవకు శ్రీవైష్ణవులు ప్రత్యేకముగా వాడు పదము కైంకర్యము. “కిం కరోమి – ఏమి చేయుదును?” అని అడుగువాడు కింకరుడు. కింకరుని భావము కైంకర్యము. ఇంగ్లీషు మాట బానిస నుండి పుట్టగా, ఈ మాట ఒక ప్రశ్న నుండి పుట్టినది. బానిస ఆజ్ఞకై భయముతో ఎదురుచూచును. కింకరుడు ప్రేమతో తానే ముందుగా అడుగును. మరియు తనకు తోచినది చేసి ఇదియే సేవ యనడు. స్వామికి ఏది ప్రియమో దానిని అడిగి చేయును.

శ్రీమద్రామాయణమున లక్ష్మణస్వామి ఇందుకు ఉదాహరణము. అరణ్యమునకు తన్నును వెంట గొనిపొమ్మని వేడుచు, సీతారాములు కొండచరియలలో విహరించుచుండగా మేలుకొన్నప్పుడును నిదురించునప్పుడును సమస్తమును తానే చేయుదునని విన్నవించెను. పంచవటియందు పర్ణశాలకు అనువైన చోటు చూడుమని రాముడు చెప్పగా, చోటు నిర్ణయించుట తన పని కాదనియు, స్వామియే చూపి ఇచ్చట కట్టుమని ఆజ్ఞాపింపవలెననియు ప్రార్థించెను. కట్టగల నేర్పు ఉన్నది, చోటు ఎన్నగల తెలివి ఉన్నది. అయినను తన ఇష్టమును ముందునకు రానీయలేదు. పర్ణశాల పూర్తియైన పిమ్మట రాముడు సంతోషముతో తమ్ముని కౌగిలించుకొనెను. లక్ష్మణునికి దక్కిన జీతమదియే.

భరతుడు దగ్గరనుండి చేయు సేవకు నోచుకొనలేదు. దూరముగా నుండుమని స్వామి యాజ్ఞ. పదునాలుగేండ్లు పాదుకలను ముందిడుకొని నందిగ్రామమున నుండి రాజ్యమును కాపాడెను. దూరముగా నుండుటయే కైంకర్యమైన ఘట్టమిది. ఉద్యోగరీత్యా దూరదేశములందుండి పర్వదినములకు స్వగ్రామపు గుడికి రాలేక బాధపడువారికి భరతుని కథ గొప్ప ఊరట. శత్రుఘ్నుడు భరతునే కొలిచెను. భాగవతునికి చేయు సేవ భగవంతుని సేవకంటె తక్కువ కాదని పెద్దలు ఇందుండి గ్రహించినారు.

వెట్టి వేరు, కైంకర్యము వేరు

కైంకర్యమునకు ప్రతిఫలము లేదు. వెట్టికిని ప్రతిఫలము లేదు. మరి ఈ రెంటికి భేదమేమి? నల్లగొండ సీమలో ఈ ప్రశ్న వట్టి పాండిత్యమునకు సంబంధించినది కాదు. సంస్కృతములోని ‘విష్టి’ పదమే తెలుగున వెట్టి యైనది. దొరల గడీలకు కట్టెలు, నీరు, పాలు, బండ్లు, మనుష్యుల రెక్కల కష్టము ఉచితముగా చేరవలసిన ఆ పద్ధతి క్రింద ఎన్నియో తరములు నలిగిపోయినవి. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరుగుటతో ఆ వ్యథ పెద్ద పోరాటమై చెలరేగినది. స్వతంత్ర భారత రాజ్యాంగము 23వ అధికరణము ద్వారా వెట్టిని నిషేధించినది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది.

వెట్టిలో బలిమి యున్నది, కైంకర్యములో చెలిమి యున్నది. వెట్టివాడు పని తప్పినచో దండనమునకు వెఱచును. కింకరుడు పని దొరకకున్నచో పరితపించును. వెట్టి మనుష్యుని కుంగదీయును. కైంకర్యము వాని స్వరూపమును వికసింపజేయును. అన్నిటికంటె ముఖ్యమైన భేద మొకటి కలదు. కైంకర్యము తాను చేయదగినదే గాని ఇతరులచే చేయింపదగినది కాదు. “ఇది దేవుని పని, కూలి యడుగరాదు” అని బీదవానితో పని చేయించుకొన్నవాడు దేవుని పేరు చెప్పి వెట్టి పట్టినవాడే. తన పొలము విడిచి గుడి ప్రాకారమునకు రాళ్లు మోయవలెనా వలదా యనునది ఆ మోయువాని హృదయము చెప్పవలసిన మాట. ఇతరుడు వాని పక్షమున చెప్పరాదు.

మరి జీతము తీసికొని ఆలయములో పనిచేయు అర్చకులు, పరిచారకులు, పాచకులు, మేళగాండ్రు చేయునది కైంకర్యము కాదా? అగును. దేహయాత్రకు కావలసిన వృత్తిని స్వీకరించుట వలన కైంకర్యము చెడదు. వారికి సకాలమున వృత్తి ముట్టజెప్పుట భాగవత కైంకర్యమే. చేయువాడు జీతము కొరకే చేయుచున్నానని తలచినచో అది నౌకరి. స్వామి కొరకు చేయుచున్నాను, స్వామి పోషించుచున్నాడని తలచినచో అదియే కైంకర్యము. పని ఒక్కటే, మాట మారినచో మనస్సు మారును.

కురుమూర్తి ఉద్దాలు

మహబూబునగరు జిల్లా చిన్నచింతకుంట మండలములోని కురుమూర్తి కొండపై వేంకటేశ్వరుడు గుహాలయమున వేంచేసియున్నాడు. దీపావళి పిమ్మట కార్తిక మాసమున జరుగు బ్రహ్మోత్సవములు పాలమూరు సీమకంతటికి పెద్ద పండుగ. ఆ ఉత్సవములలో స్వామి ఆభరణములు ఆత్మకూరు నుండి ఊరేగింపుగా వచ్చును. అంతకంటె మిన్నగా జనులు ఎదురుచూచునది ఉద్దాల ఉత్సవము. ఉద్దాలనగా స్వామి పాదరక్షలు. వడ్డెమాను గ్రామమున చర్మకారులు నియమనిష్ఠలతో వీనిని సిద్ధము చేయుదురు. అచ్చటి నుండి వేలకొలది జనుల నడుమ ఉద్దాలు కొండకు తరలివచ్చును. పెద్దలు, పిన్నలు, అన్ని కులములవారు వానిని కండ్లకద్దుకొందురు, తల నుంచుకొందురు.

లోకము ఏ పనిని చిన్నపని యని చాకిరి క్రింద జమకట్టినదో ఆ పనియే ఇచ్చట అందరి శిరస్సుల కెక్కినది. అయోధ్యలో భరతుడు శిరస్సున దాల్చిన పాదుకలకును, వడ్డెమానులో చర్మకారుడు కుట్టిన ఉద్దాలకును భేదమెంచుట తగదు. ఆ ఒక్కనాడు తల వంచి, మరునాడు ఆ కుట్టిన చేతులను చిన్నచూపు చూచినచో ఉద్దాలను సేవించిన ఫలము దక్కదు.

నల్లగొండ జిల్లాలో కృష్ణా మూసీ సంగమమున వాడపల్లి లక్ష్మీనృసింహస్వామి సన్నిధిని రెండు దీపములు వెలుగుచుండును. స్వామి ముఖము కడ నున్న దీపము స్వామి ఉచ్ఛ్వాసనిశ్వాసములకు కదలుచుండుననియు, దిగువ దీపము నిశ్చలముగా నుండుననియు భక్తులు దర్శించి పులకింతురు. ఆ దీపములలో చమురు పోయు చేతిని మాత్రము ఎవరును చూడరు. కైంకర్యపు రీతి యదియే. చూడబడునది స్వామి; చూపించునది దీపము; చమురు పోసినవాడు చీకటిలో నుండును.

మహబూబునగరమునకు సమీపమున మన్యంకొండపై వేంచేసిన వేంకటేశ్వరుని హనుమద్దాసు కీర్తనలతో సేవించెను. అది వాక్కుతో చేసిన కైంకర్యము. యాదగిరిగుట్ట ఆలయమును కృష్ణశిలతో పునర్నిర్మించి 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణము జరిపినారు. ఆ స్తంభములను ఏండ్ల తరబడి చెక్కిన శిల్పుల ఉలి కాయముతో చేసిన కైంకర్యము. ఏమియు చేయలేని వృద్ధుడు మంచముపై నుండి గుట్టను తలచి చేతులు జోడించినచో అది మనస్సుతో చేసిన కైంకర్యము.

ఆర్జిత సేవ

ఇక కొండపై వినవచ్చు “ఏ సేవ?” అను ప్రశ్న. ఆర్జితమనగా సంపాదింపబడినది. భక్తుడు రుసుము చెల్లించి జరిపించుకొను కల్యాణము, అర్చన మొదలగునవి ఆర్జిత సేవలు. వీనిని తక్కువగా నెంచరాదు. కష్టించి ఆర్జించిన ధనములో కొంత స్వామి యుత్సవమునకు, నివేదనమునకు వినియోగించుట గృహస్థధర్మమే. కాని రసీదు చేతికి వచ్చినంత మాత్రమున సేవ జరిగిపోయినదనుకొనరాదు. రుసుము చెల్లించినవాడు సేవకు అవకాశమును పొందినాడు. సేవ ఇంకను చేయవలసియున్నది. అచ్చట కూర్చున్నంతసేపు మనస్సు బస్సు వేళపైననే యున్నచో కొనుక్కొన్నది ఆసనమే గాని సేవ కాదు. రుసుము చెల్లింపలేక ధ్వజస్తంభము కడనే నిలిచి రెండు తులసిదళములు సమర్పించినవానికి సేవ దక్కలేదని అనరాదు. వానికి రసీదు లేదు, అంతే.

ధనుర్మాసమున వైష్ణవాలయములందు తిరుప్పావై అనుసంధింపబడును. గోదాదేవి ‘పఱ’ యను వాద్యమును అడుగుచున్నట్లు మొదటినుండి పాడి, ఇరువదితొమ్మిదవ పాశురమున అసలు కోరికను బయటపెట్టును. ఆమె కోరినది వాద్యము కాదు. ఎల్లప్పుడును స్వామికే సేవ చేయు భాగ్యము, ఇతరమైన కోరికల నివృత్తి. సేవకు ఫలము మరల సేవయే. వరి చల్లిన వరియే పండునట్లు, కైంకర్యము చల్లినచో కైంకర్యమే పండును.

గృహస్థుని కైంకర్యము

యాత్ర ముగించి ఆ పాలమూరు గృహస్థు తిరిగి ఇల్లు చేరును. గుట్ట దూరమైనదని సేవ దూరము కానవసరము లేదు. ఇంట వండిన అన్నము పెరుమాళ్ళకు ఆరగింపు చేసి తినినచో వంట చాకిరి కాదు, తళిగ సమర్పణము. మంచము పట్టిన అత్తగారికి కోడలు, కోడలి ప్రసవమునకు అత్తగారు చేయునది భాగవత శుశ్రూష. కచ్చేరిలో గుమాస్తా, దూరమునుండి వచ్చిన రైతును మరల రేపు రమ్మని త్రిప్పక కాగితము చేతికిచ్చినచో ముప్పది యేండ్ల సర్వీసు ముప్పది యేండ్ల సేవ యగును. బస్సు నడుపువాడు వృద్ధులు దిగువరకు ఆగినచో అది వరివస్య. పాలేరునకు కూలి సాయంకాలమే చేతిలో పెట్టిన రైతు తన యింట వెట్టిని చేరనీయనివాడు. ఆతడు సమర్పించిన పుష్పమును స్వామి ప్రీతితో గ్రహించును.

మాటలు పాతవియే. సర్వీసు అనుట మాననక్కరలేదు. బస్సును సర్వీసనియే పిలువవచ్చును. ఉదయమున లేచి పనికి పూనుకొనునప్పుడు మాత్రము ఆ లాటిను బానిస మాటను కాక, కింకరుని ప్రశ్నను తలచుకొనవలెను. “స్వామీ! ఏమి చేయుదును?” అని అడిగి మొదలుపెట్టిన పని ఏదైనను కైంకర్యమే. అట్టి ప్రశ్న ప్రతిగృహమున ప్రతిదినము వినబడునట్లు యాదగిరి నృసింహుడు, కురుమూర్తి వేంకటేశుడు అనుగ్రహింతురు గాక!